మన ఊళ్ళలో బాడుగ ఇళ్ళు – నాటి నుండి నేటి వరకు

ఈ ప్రత్యేక సంచికకు డి.ఎ. బకాయిలు, పింఛను లెక్కలు కాక మరేదైనా విషయం వ్రాయవలసిందిగా మన కార్యదర్శి గారు కోరినారు. మన సభ్యులలో చాలామందికి రిటైరయిన నాడు చేతికి వచ్చిన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ముతో కట్టుకున్న ఇల్లు ఒకటి, దాని పక్కనో మేడమీదో బాడుగకు ఇచ్చిన వాటా ఒకటి ఉన్నాయి. సొంత ఇల్లు సమకూరని మిత్రులు ఈనాటికీ బాడుగ ఇంట్లోనే కాలక్షేపం చేస్తున్నారు. కాబట్టి రెండు పక్షాల వారికీ సంబంధించిన విషయమని, మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో బాడుగ ఇళ్ళ కథ నాకు తెలిసినంతలో వ్రాస్తున్నాను. పైగా 2025 చివర మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడిన దగ్గర నుండి నలుగురు పెన్షనర్లు కలిస్తే ఆరోగ్యం మాట తర్వాత వచ్చే మాట ఇదే: "వాటాకు ఎంత పెంచుతున్నావు?"

ముందుగా మాట గురించి ఒక మాట. మన పడమటి వైపు పెద్దలు అద్దె అనరు, బాడుగ అంటారు. ఇంటికి బాడుగ, బండికి బాడుగ, కార్యానికి తెచ్చే వంటపాత్రలకూ బాడుగే. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల నుండి వచ్చిన మాట ఇది. 1970 ఫిబ్రవరి 2న కర్నూలు, గుంటూరు, నెల్లూరు జిల్లాల నుండి కొంత కొంత తీసి ఒంగోలు జిల్లా చేసినారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టినారు. ఒంగోలు నుండి వచ్చిన ఉద్యోగస్థులు అద్దె అన్నారు. ఇప్పుడు టు-లెట్ బోర్డు మీద అద్దె అని వ్రాసి, నెల తిరగగానే "బాడుగ ఇయ్యలేదే" అని అడుగుతున్నాము.

పూర్వం మన ఊళ్ళలో బాడుగ ఇల్లు అనే వ్యవహారమే తక్కువ. మట్టి మిద్దె, రాతి గోడలు, ముందు పంచ, వెనుక దొడ్డి. అన్నదమ్ములు వేరుపడితే నడుమ గోడ పెట్టుకొని అందులోనే ఉండేవారు. బాడుగకు ఇల్లు కావలసినవాడు జీతగాడు మాత్రమే. తాలూకా ఆఫీసు గుమాస్తా, పోలీసు, రైల్వే ఉద్యోగి, ఫారెస్టు గార్డు, బడి పంతులు. మార్కాపురంలో పలకల వ్యాపారం పెరిగిన తరువాత చెన్నకేశవస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో గదులు, గోడౌన్లు బాడుగకు లేచినాయి. ఈ ఊరి పలక దేశమంతా పిల్లల చేతికి వెళ్ళిన రోజులవి. పల్లెల్లో అయితే పంతులు గారికి ఇల్లు ఊరికే ఇచ్చేవారు. ఖాళీ ఇంట్లో దీపం పెట్టేవాడు ఒకడుండాలి అనేది ఆనాటి లెక్క.

ఇళ్ళ బాడుగలో సర్కారు తల దూర్చింది మొదట యుద్ధాల వల్లనే. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుమ, స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో మగవాళ్ళు యుద్ధానికి పోయి ఉండగా ఇళ్ళ యజమానులు అద్దెలు పెంచినారు. ఆడవారు వీధుల్లోకి వచ్చి అద్దె కట్టము పొమ్మన్నారు. మేరీ బార్బర్ అనే గృహిణి వారికి నాయకురాలు. ఆ సంవత్సరమే బ్రిటీషు పార్లమెంటు అద్దెలను కట్టివేస్తూ చట్టం చేసింది. 1918లో అటువంటిదే బొంబాయికి వచ్చింది. మన ప్రాంతం అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో, మద్రాసు ప్రభుత్వం ఇంటి అద్దెల మీద ఉత్తర్వు తెచ్చింది. యుద్ధం అయిపోయినా ఉత్తర్వు పోలేదు. 1946లో ఒకసారి, 1949లో మరొకసారి పూర్తి చట్టం అయి కూర్చున్నది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఇంటి కరువు అంటే ఏమిటో మన జిల్లా వారికి తెలిసింది. మద్రాసు నుండి వచ్చిన ఆఫీసులు గుడారాల్లో నడిచినాయి. ఆనాటి ఉద్యోగులు ఇంటి కోసం పడిన పాట్లు మా సీనియర్లు కథలు కథలుగా చెప్పేవారు. ఒక వంటగది, ఒక వసారా దొరికితే అదే బంగళా. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. ఉద్యోగులు పోగానే బాడుగలు ఏమైనాయో వేరే చెప్పనక్కరలేదు. కొత్త జిల్లా సంబరంలో ఉన్న మన మార్కాపురం మిత్రులకు ఈ ముచ్చట గుర్తు చేస్తున్నాను.

తరువాత 1960లో ఆంధ్రప్రదేశ్ భవనముల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం వచ్చింది. అదే ఆ సంవత్సరపు 15వ చట్టం. జంట నగరాలకు, రాష్ట్రంలోని మునిసిపాలిటీలన్నిటికీ అది వర్తించింది. పంచాయితీ ఊళ్ళకు ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప వర్తించదు. కాబట్టి మన పల్లెల్లోను, పంచాయితీలుగా ఉన్నంతకాలం గిద్దలూరు వంటి ఊళ్ళలోను బాడుగ వ్యవహారమంతా మాట మీదనే నడిచింది.

ఆ చట్టంలోని సంగతులు ఈనాటివారికి వింతగా ఉంటాయి. ఇల్లు ఖాళీ అయితే పది రోజుల లోపల యజమాని ఆ సంగతిని అధీకృత అధికారికి వ్రాసి తెలియపరచాలి. సర్కారుకు కావలసివస్తే ఆ ఇంటిని తన ఆఫీసుకో తన ఉద్యోగికో తీసుకోవచ్చు. న్యాయమైన అద్దె ఎంత అని రెంటు కంట్రోలరు తేల్చాలంటే 1944 ఏప్రిల్ 5కు ముందటి పన్నెండు నెలల్లో ఆ పేటలో అటువంటి ఇంటికి నడిచిన బాడుగను ఆధారం చేసుకోవాలి. దాని మీద చట్టం ఒప్పుకున్నంత శాతం కలపాలి. 1975లో ఒక వితంతువు తన ఇంటికి బాడుగ చాలలేదని పిటిషను వేసినా లెక్క 1944 దగ్గరే మొదలవుతుంది. సున్నం ధర, మేస్త్రి కూలి మాత్రం 1975వి!

కిరాయిదారుకు ఇచ్చిన రక్షణలు కొన్ని నిజంగా మంచివి. బాడుగ ఇచ్చిన ప్రతిసారీ రసీదు పొందే హక్కు ఉన్నది. యజమాని బాడుగ పుచ్చుకోకుండా మొండికేస్తే, ఏ బ్యాంకులో వేయాలో చెప్పమని నోటీసు ఇవ్వవచ్చు. అప్పటికీ చెప్పకపోతే కమిషను మినహాయించుకొని మనియార్డరు చేయవచ్చు. దాన్నీ తిప్పికొడితే కంట్రోలరు వద్ద జమ కట్టవచ్చు. నీళ్ళు, కరెంటు వంటి వసతులు కత్తిరించి మనిషిని వెళ్ళగొట్టకూడదు. ఖాళీ చేయించాలంటే చట్టం చెప్పిన కారణాలలో ఒకటి రుజువు కావాలి. బాడుగ కావాలని ఎగవేయడం, మరొకరికి అద్దెకు ఇచ్చివేయడం, ఇల్లు పాడుచేయడం, యజమానికి నిజంగా సొంత అవసరం ఉండడం వంటివి. ఒక నెల బాడుగకు మించి అడ్వాన్సు కూడదు అని కూడా ఉన్నది. ఈ అడ్వాన్సు మాట ఊరికే పోలేదు. మన పొరుగున నెల్లూరు జిల్లా గూడూరులోని ఒక హోటలు తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. యజమాని వద్ద హెచ్చు అడ్వాన్సు నిలువ ఉండగా హోటలు వారిని బాడుగ ఎగవేసినవారు అనడానికి వీలులేదని 1989లో తీర్పు వచ్చింది.

అసలు చిక్కు మరొకచోట ఉన్నది. 1957 ఆగస్టు 26న గాని, ఆ తరువాత గాని కట్టిన భవనాలకు ఈ చట్టం వర్తించదు అని 32వ సెక్షనులో వ్రాసినారు. కొత్త ఇళ్ళు కట్టేవారికి ఉత్సాహం కోసం. దాని ఫలితం చూడండి. ఒకే వీధిలో రెండు ఇళ్ళు. తాత కట్టిన ఇంట్లో బాడుగవాడిని కదిలించలేరు, పక్కన మనవడు కట్టిన ఇంట్లో వాడిని పదిహేను రోజుల నోటీసుతో దావాకు ఈడ్చవచ్చు. పాతిక సంవత్సరాలు ఇలాగే జరిగింది. 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ మినహాయింపు సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టివేసింది. కొత్తగా కట్టిన ఇల్లు ఎల్లకాలం కొత్తదిగా ఉండదు కదా. ఆ డిసెంబరు 29నే జి.ఓ. యం.ఎస్. నెం. 636 వచ్చింది. కట్టి పది సంవత్సరాలు కాని భవనాలకు, నెలకు వెయ్యి రూపాయలు దాటిన బాడుగలకు చట్టం పట్టదని దాని సారాంశం. 2005లో చట్టాన్నే సవరించి పది సంవత్సరాలను పదిహేను చేసినారు. బాడుగ పరిమితిని మునిసిపల్ కార్పొరేషన్లలో 3,500, తక్కినచోట్ల 2,000 రూపాయలు చేసినారు. రెండు వేలు దాటిన బాడుగకు మన పట్టణాల్లో రెంటు కంట్రోలు నీడ లేకుండా పోయింది.

చట్టం కథ ఇంతవరకు చాలు. మన ఊళ్ళలో బాడుగను ఏ సెక్షనూ నిర్ణయించలేదు. జీతము, బదిలీ, నీళ్ళు, ఈ మూడే నిర్ణయించినవి. అందులోనూ నీళ్ళది పెద్దపీట.

జీతం సంగతి చూడండి. 1978, 1986, 1993, 1999 సంవత్సరాల వేతన సవరణలు వచ్చిన ప్రతిసారీ ఇంటాయన మనకంటే ముందే పేపరు చదివేవాడు. "సారూ, మీకు పెంచినారంట గదా" అనే పలకరింపుకు అర్థం మనకు తెలుసు. ఉద్యోగి ఇంటి అద్దె అలవెన్సు ఊరి జనాభాను బట్టి ఉంటుంది. 2022 సవరణలో యాభై వేల లోపు జనాభా ఊళ్ళకు పది శాతం, యాభై వేల నుండి రెండు లక్షల వరకు పన్నెండు శాతం. 2011 జనాభా లెక్కల్లో మార్కాపురం డెబ్బై వేలు దాటింది, గిద్దలూరు యాభై వేల లోపే ఉన్నది. ఒకే కేడరు, ఒకే బేసిక్కు, ఊరు మారితే రెండు శాతం తేడా. ఆ రెండు శాతం చివరికి ఇంటాయన జేబులోకే పోతుంది.

బదిలీల సంగతి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు బేస్తవారిపేట, రాచర్ల, కొమరోలు, అర్ధవీడు, తర్లుపాడు, పెద్దారవీడు, దోర్నాల వంటి ఊళ్ళకు ఒక్కసారిగా ఆఫీసులు వచ్చి పడినాయి. ఆఫీసుకే ఇల్లు లేకపోతే గుమాస్తాకు ఎక్కడ దొరుకుతుంది? ప్రైవేటు ఇంట్లో ఆఫీసు పెట్టాలంటే ఆ బాడుగ సమంజసమేనని ఆర్ అండ్ బి ఇంజనీరు ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ కాగితం వచ్చి, బడ్జెటు వచ్చి, బిల్లు ట్రెజరీలో పాసయ్యేసరికి యజమాని ఆరు నెలలు ఎదురుచూసేవాడు. అయినా సర్కారుకు ఇవ్వడానికి పోటీ పడినవారు ఉన్నారు, బాడుగ ఆలస్యమైనా మునగదు అని.

నేను 1971లో యల్.డి.సి.గా చేరి, మరుసటి సంవత్సరం గిద్దలూరుకు వచ్చినాను. ఇల్లు చూపించిన పెద్దమ్మ బాడుగ మాట చివరికి గాని ఎత్తలేదు. మొదట దొడ్లోకి తీసుకుపోయి బావి చూపించింది. "బాడుగ దేముంది నాయనా, నెలకు రెండు తక్కువైనా తీసుకుంటా. ఎండాకాలం బావి అడుగంటుతుంది. పొద్దున నాలుగు బిందెలు, సాయంత్రం నాలుగు బిందెలు. మీ ఇంటామె గుడ్డలు చెరువుకాడ ఉతుక్కుంటానంటేనే రాండి" అన్నది. ఆమె పెట్టిన షరతు ఏ స్టాంపు కాగితం మీదా లేదు. ఆ ఇంట్లో ఏడేళ్ళు ఉన్నాము. బాడుగ మూడుసార్లు పెరిగింది, బిందెల లెక్క మారలేదు.

మన పడమటి ప్రాంతంలో ఇల్లు చూడటానికి వచ్చినవారు గదులు లెక్కపెట్టకముందే అడిగే ప్రశ్న "నీళ్ళున్నాయా?" అని. బావిలో పడేవి మంచినీళ్ళా, ఉప్పునీళ్ళా? ఫ్లోరైడు నీళ్ళా? బోరు ఎన్ని అడుగులు? మునిసిపాలిటీ కుళాయి ఎన్నాళ్ళకొకసారి? సంపు ఉందా? ఒకే కొలత, ఒకే కట్టుబడి ఉన్న రెండు వాటాల్లో సంపు ఉన్నదానికి హెచ్చు బాడుగ వస్తుంది. ఎండాకాలంలో ట్యాంకరు రాకపోతే మేడమీద ఏ.సి. గది ఉన్నా ఎవరూ నిలవరు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. పూల సుబ్బయ్య గారి పేరు పెట్టిన ఆ ప్రాజెక్టు జంట సొరంగాలకు 2024 మార్చిలో ప్రారంభోత్సవం జరిగింది. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలు ఇప్పుడు మన వాటాల్లో బాడుగకు దిగి, నీళ్ళున్నాయా అని అడుగుతున్నారు.

కాబట్టి చిన్న యజమానికి నా సలహా ఇది. రంగులకు, టైల్సుకు పెట్టే డబ్బులో కొంత సంపుకు, రెండో ట్యాంకుకు పెట్టండి. ట్యాంకరు తెప్పిస్తే డబ్బు ఎవరిదో ఇల్లు ఇచ్చేనాడే తేల్చండి. సగం సగం అనుకుంటే ఆ సగం కాగితం మీద ఉండాలి. ఏప్రిల్ నెలలో తేల్చుకుందాములే అనుకొన్న ఇళ్ళలో ఏప్రిల్ నెలలోనే తగాదాలు వచ్చినాయి.

ఇక ఇల్లు ఇచ్చే ముందు అడిగే మరొక ప్రశ్న గురించి వ్రాయక తప్పదు. "మీరు ఏమిట్లు?" అనే ప్రశ్న. మన ఊళ్ళలో మంచి కిరాయిదారు అనే మాటకు చాలాకాలం కులమే కొలత. నాతో పనిచేసిన ఒక మిత్రుడు, పంక్చువల్ మనిషి, దస్తూరి ముత్యాల వరస. గిద్దలూరుకు బదిలీ అయి వస్తే ఆయనకు ఇల్లు దొరకలేదు. బోర్డు వేలాడుతూనే ఉంటుంది, పేరు, ఊరు, పేట అడిగిన తరువాత "మా అల్లుడు వస్తున్నాడయ్యా" అంటారు. ఎన్ని ఇళ్ళకో అల్లుళ్ళు! చివరకు ఆయన ఎస్.సి. ఉద్యోగి అని బేస్తవారిపేటలో తెలిసినవారి ఇంట దిగి, ఏడాదిన్నర పాటు రోజూ బస్సులో వచ్చి పోయినాడు. ముస్లిం సోదరులకూ, భర్త పోయిన నర్సమ్మకూ, ఒంటరిగా ఉండే టీచరమ్మకూ ఇదే అనుభవం. ఆ మిత్రునికి కడపటికి ఇల్లు ఇచ్చినది ఒక రిటైర్డు రైల్వే ఉద్యోగి. "నెల మొదటి తారీఖు బాడుగ ఇస్తావా? దొడ్డి ఊడ్చుకుంటావా? అయితే దిగు" అన్నాడట. పదకొండు సంవత్సరాలు ఆ ఇంటికి టు-లెట్ బోర్డు పెట్టవలసిన పని పడలేదు. రాజీ లేకుండా చెబుతున్నాను, ఈ ప్రశ్న ఇంకా పూర్తిగా పోలేదు. మన సంఘ సభ్యుల గుమ్మాల ముందు కూడా.

ఇప్పుడు కొత్త జిల్లా వేడిలో జరుగుతున్న వ్యవహారం ఒకటి చెబుతాను. మాతో పనిచేసి కాలం చేసిన ఒక మిత్రుని భార్య, ఫ్యామిలీ పింఛను మీద బ్రతుకుతున్న చెల్లెలు వంటిది, మొన్న మా ఇంటికి వచ్చినది. క్రింది వాటా బాడుగ ఐదు వేలు. ఆమె మందుల ఖర్చు అందులోనే వెళుతుంది. కిరాయిదారు ఆర్.టి.సి. కండక్టరు, తొమ్మిది సంవత్సరాలుగా ఉంటున్నాడు. బెంగళూరులో ఉన్న కుమారుడు ఫోను చేసి "అమ్మా, జిల్లా వచ్చింది. ఆరు వేలకు తక్కువ తీసుకోవద్దు. ఇవ్వకపోతే ఖాళీ చేయమను" అన్నాడట. ఆమె సందేహం, "అన్నయ్యా, నేను అడిగితే వాళ్ళు పోతారు. వాళ్ళు పోతే ట్యాంకరు వచ్చినప్పుడు పైపు పట్టేదెవరు?"

నేను కాగితం మీద లెక్క వేసి ఇచ్చినాను. వెయ్యి పెంచితే ఏడాదికి పన్నెండు వేలు హెచ్చు. వాళ్ళు వెళ్ళిపోతే? మన దగ్గర బదిలీలు, బడి సెలవులు కలిసివచ్చేది మే, జూన్ నెలల్లో. జ్యేష్ఠం వెళితే ఆషాఢం. శూన్యమాసంలో పాలు పొంగించి కొత్త ఇంట్లో దిగేవారు అరుదు. వాటా రెండు నెలలు ఖాళీగా ఉన్నదనుకుంటే పెంచిన బాడుగ లెక్కన పన్నెండు వేలు పోయినాయి. సున్నం, కుళాయిలు, స్విచ్చులు బాగు చేయించడానికి తక్కువలో తక్కువ ఆరు వేలు. మొదటి సంవత్సరం పెరిగిన పన్నెండు వేలు పోను ఇంకా ఆరు వేలు చేతి నుండి పడినట్లే. రెండు సంవత్సరాలకు కలిపి మిగిలేది ఆరు వేలు. అదే ఉన్నవారికే ఈ సంవత్సరం నాలుగు వందలు, వచ్చే సంవత్సరం మరి నాలుగు వందలు పెంచితే రెండు సంవత్సరాలకు పద్నాలుగు వేల నాలుగు వందలు, ఒక్క రోజు ఖాళీ లేకుండా. కొత్తవారు ఐదారేళ్ళు కదలకుండా ఉంటే కుమారుని లెక్కే గెలుస్తుంది, కాదనను. కానీ కొత్త జిల్లాకు మొదట్లో వచ్చే ఉద్యోగి కన్ను బదిలీ మీదే ఉంటుంది. ఆమె ఆ కాగితం ఫోటో తీయించి కుమారునికి పంపించింది. కండక్టరుతో మాట్లాడితే "నాలుగొందలే గదా పెద్దమ్మా, ఉగాది నుంచి ఇస్తా" అన్నాడట.

బాడుగ తక్కువ పెట్టడం ధర్మకార్యం అని నేను అనడం లేదు. మరీ తక్కువ పెట్టినా తగాదాయే. పదేళ్ళు పెంచకుండా ఉండి, ఒకనాడు కూతురి పెళ్ళి ఖర్చులో రెట్టింపు అడిగితే కిరాయిదారు నిలువునా నీరైపోతాడు. ఏటేటా ఇంత అని ముందే చెప్పి, ఉగాదికో జనవరికో పెంచుకుంటూ పోతే ఎవరికీ గుచ్చుకోదు. పేటలో నడిచే రేటుకు కొంచెం కింద ఉంటే చాలు. వెళదామా అనుకున్నవాడు నాలుగు ఇళ్ళు చూసి వచ్చి తన ఇంట్లోనే కూర్చుంటాడు.

కాగితాల సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను, గుమాస్తా బుద్ధి కదా. స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు వ్రాసుకుంటే రిజిస్ట్రేషను అక్కరలేదు అని మన వాళ్ళందరి నమ్మకం. సంవత్సరానికి తక్కువ గడువు లీజుకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని 1908 నాటి చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ 1999 ఏప్రిల్ నుండి మన రాష్ట్రంలో స్థిరాస్తి లీజు ఏదైనా రిజిస్టరు చేయవలసిందే అని సవరించినారు. రిజిస్టరు కాని ఒప్పందం తగాదా వచ్చిననాడు కోర్టులో అక్కరకు రాదు. 2017లో మన శాసనసభ నివాస, నివాసేతర భవనాల అద్దెలకు కొత్త చట్టం చేసింది. ఇరువురు ఒప్పుకున్నదే బాడుగ, ఆ ఒప్పందం వ్రాతలో ఉండాలి అనేవి దానికి ఆయువుపట్లు. 1944 నాటి ధరల లెక్కకు దానితో సెలవు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా చట్టంలో నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల బాడుగ మించరాదని ఉన్నది. మన ఊళ్ళలో కొందరు ఐదు నెలలు అడుగుతున్నారు, హైదరాబాదును చూసి.

కరెంటు మీటరు ప్రతి వాటాకు వేరుగా పెట్టించండి. రెండు కాపురాల వాడకం ఒకే మీటరు మీద పడితే స్లాబు మారి యూనిటు రేటే పెరుగుతుంది. ఆ పెరిగినది ఎవరి ఫ్యాను వల్ల అనే తగువు బ్రహ్మదేవుడు తీర్చలేడు. ఇంటిపన్నుకూ బాడుగకూ పూర్వం లంకె ఉండేది. వార్షిక అద్దె విలువ మీద పన్ను వేసేవారు కాబట్టి మునిసిపాలిటీ మనిషి వస్తే బాడుగ తగ్గించి చెప్పేవారు, రసీదు ఇవ్వడానికి జంకేవారు. 2021 ఏప్రిల్ నుండి మన పట్టణాల్లో పన్ను ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఇప్పుడు రసీదుకు భయపడే పనిలేదు. కిరాయిదారు ఉద్యోగి అయితే ఆదాయపు పన్నుకు అతనికీ ఆ రసీదులు కావాలి.

రసీదు పుస్తకాలు పుస్తకాల అంగడిలో దొరుకుతాయి. నెల, సంవత్సరం, అంకెల్లోను అక్షరాల్లోను మొత్తం, కరెంటు కలిసినదో కాదో, సంతకం ఉండాలి. ఐదు వేలు దాటిన నగదుకు రూపాయి రెవిన్యూ స్టాంపు అంటించాలి. కార్బను కాగితం పెట్టి వ్రాసి, అడుగు ప్రతి మన దగ్గర ఉంచుకోవాలి. ఫోనులో డబ్బు వేసే కిరాయిదారులకు కూడా ఇదే పద్ధతి. మా ఇంటి మేడమీద వాటాలో ఉన్న టీచరమ్మ మొదటి తారీఖున ఫోనులో పంపి, సాయంత్రం మెట్లు దిగి వచ్చి "బాబాయి గారూ, రసీదు" అని చేయి చాస్తుంది.